మౌస్ పంపే డేటాను డ్రైవర్ ఎలా చదువుతుంది? లినక్స్‌లో మీరే చూసే పద్ధతి

మౌస్ మొరాయిస్తే మనం సాధారణంగా చేసేది ఒకటే. తీసి వేరే పోర్టులో పెడతాం, అప్పటికీ కాకపోతే కొత్తది కొంటాం. లేదంటే విండోస్ పాడైందని ఫార్మాట్ కొట్టిస్తాం. తప్పు మౌస్‌లో ఉందా, వైరులో ఉందా, డ్రైవర్‌లో ఉందా, డెస్క్‌టాప్ సెట్టింగులో ఉందా అని ఎవరూ చూడరు. చూడటం కష్టమేమీ కాదు. మౌస్ కదలిక స్క్రీన్ మీది బాణం గుర్తు దాకా చేరేలోపు కొన్ని చేతులు మారుతుంది. ప్రతి చోటా ఆగి, అక్కడికి ఏ అంకెలు వచ్చాయో చదవొచ్చు. ఎక్కడి దాకా అంకెలు బాగున్నాయో తెలిస్తే, తప్పు ఆ తర్వాతి చోటే ఉన్నట్టు.

హన్మకొండలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్లల్ని, హార్డ్‌వేర్ రిపేరు నేర్చుకుంటున్న కుర్రాళ్ళని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. డ్రైవర్ల పాఠం పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కదు. ఒక్కసారి కళ్ళతో చూస్తే మరిచిపోరు.

ఏం కావాలి

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉన్న కంప్యూటర్ ఒకటి, వైరున్న మామూలు యూఎస్‌బీ మౌస్ ఒకటి చాలు. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసి లేకపోతే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా వాడుకునే పద్ధతిలోనైనా ఇదంతా చేయొచ్చు. కమాండ్లను ఇక్కడ నోటితో చెప్పినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ఒక జాగ్రత్త. మనం తెరవబోయే ఫైళ్ళకు సుడో, అంటే అడ్మిన్ హక్కు, కావాలి. దానికి కారణం ఉంది. మౌస్ డేటా ఉండే ఫోల్డర్‌లోనే కీబోర్డ్ డేటా కూడా ఉంటుంది. అది చదవగలిగినవాడు పాస్‌వర్డ్ కూడా చదవగలడు. అందుకని ఈ ప్రయోగాలు మీ సొంత మెషీన్‌లోనే చేయండి. నెట్ సెంటర్‌లోనో ఆఫీసులోనో వద్దు.

మెట్టు 1: మౌస్‌కు ఏం తెలుసో ముందు అర్థం చేసుకోండి

బాణం గుర్తు స్క్రీన్‌లో ఎక్కడుందో మౌస్‌కు తెలియదు. దానికి తెలిసిందల్లా ఇందాకటి నుంచి ఇప్పటికి ఎంత జరిగాను అన్నదే. అడుగున ఉన్న సెన్సర్ చాలా చిన్న కెమెరా. లైటు వెలుగులో కింది ఉపరితలాన్ని సెకనుకు వేల ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోను ముందరి ఫొటోతో పోల్చి, గరుకుదనం తాలూకు మచ్చలు ఎటు ఎంత జరిగాయో లెక్కగడుతుంది. అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని అని రెండు అంకెలు వస్తాయి. వాటిని కౌంట్లు అంటారు. 1000 డీపీఐ మౌస్ అంటే ఒక అంగుళం జరిపితే సుమారు 1000 కౌంట్లు చెప్పే మౌస్.

కింద పోల్చుకోవడానికి మచ్చలు దొరక్కపోతే సెన్సర్ తడబడుతుంది. అద్దం మీద మామూలు మౌస్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. అద్దంలా పాలిష్ పట్టిన కరీంనగర్ గ్రానైట్ బల్ల మీద కూడా కొన్ని మౌస్‌లు ఎగిరెగిరి పడతాయి. వరంగల్ కొత్తవాడ జంపఖానా ముక్క ఉంటే పరిచి చూడండి. నేతలో పోగు పోగుకీ నీడ పడుతుంది కాబట్టి సెన్సర్‌కు గుర్తులు బాగా దొరుకుతాయి. మౌస్ కాళ్ళు మాత్రం కాస్త పట్టేస్తాయి.

మెట్టు 2: వైరు మీద జరిగేది

టెర్మినల్ తెరిచి, సుడో డీమెసేజ్ మైనస్ డబ్ల్యూ అని కొట్టండి. డీమెసేజ్ స్పెల్లింగు డీ, ఎం, ఈ, ఎస్, జీ. ఇప్పుడు మౌస్ తీసి మళ్ళీ గుచ్చండి. కొత్త లో-స్పీడ్ యూఎస్‌బీ పరికరం దొరికిందని ఒక వరుస వస్తుంది. లో-స్పీడ్ అంటే సెకనుకు 1.5 మెగాబిట్లు. మౌస్‌కు అది చాలా ఎక్కువ. కొన్ని మౌస్‌లు ఫుల్-స్పీడ్ అని చెప్పుకుంటాయి, కంగారు పడకండి. ఆ తర్వాత హిడ్-జెనరిక్ అనే పేరుతో మొదలయ్యే వరుసలో హిడ్‌రా0 లాంటి మాట కనబడుతుంది. హిడ్ అంటే మౌస్, కీబోర్డ్ లాంటి మనిషి చేతి పరికరాల తరగతి. ఆ చివరి అంకెను రాసి పెట్టుకోండి, తర్వాతి మెట్టులో కావాలి.

ఈ కొద్ది క్షణాల్లో లోపల పెద్ద సంభాషణే జరుగుతుంది. మౌస్ తన రిపోర్ట్ డిస్క్రిప్టర్ అనే పట్టికను కెర్నల్‌కు, అంటే డ్రైవర్లను నడిపే లినక్స్ గుండెకాయకు, అప్పజెబుతుంది. నేను మౌస్‌ని, నా రిపోర్ట్‌లో మొదట ఇన్ని బిట్లు బటన్లవి, తర్వాత ఇన్ని బిట్లు అడ్డం కదలికవి, ఆ తర్వాత నిలువువి, ఆ పైన వీల్‌ది అని అందులో ఉంటుంది. ఏ కంపెనీ మౌస్ తెచ్చినా సీడీ లేకుండా పనిచేయడం ఈ పట్టిక పుణ్యమే. హిడ్ డ్రైవర్ దాన్ని చదివి, వచ్చే బైట్లను ఎక్కడెక్కడ కోయాలో నేర్చుకుంటుంది.

ఇక రోజువారీ పని. యూఎస్‌బీలో దీన్ని ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ఆ పేరు చూసి మౌసే కంప్యూటర్‌ను పిలుస్తుందని చాలామంది పరీక్షల్లో రాసేస్తారు. నిజానికి అడిగేది కంప్యూటర్ వైపున్న యూఎస్‌బీ కంట్రోలరే. మామూలు మౌస్‌ను 8 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 125 సార్లు అడుగుతుంది. గేమింగ్ మౌస్ అయితే 1000 సార్లు. చెప్పడానికేమీ లేకపోతే మౌస్ లేదంటుంది, విషయం అక్కడితో ఆగుతుంది, ప్రాసెసర్‌కు కబురే వెళ్ళదు. కదలిక ఉంటే రిపోర్ట్ ఇస్తుంది. కంట్రోలర్ దాన్ని మెమరీలో పెట్టి, అప్పుడు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే పిలుపు, కొడుతుంది.

ఇది కూడా చూడొచ్చు. ప్రాక్ ఫోల్డర్‌లో ఇంటరప్ట్స్ అనే ఫైల్ ఉంది. వాచ్ మైనస్ ఎన్1 అని కొట్టి, దాని పక్కన కోట్‌లలో గ్రెప్ ఎక్స్‌హెచ్‌సీఐ, స్లాష్ ప్రాక్ స్లాష్ ఇంటరప్ట్స్ అని పెట్టండి. ఎక్స్‌హెచ్‌సీఐ అంటే యూఎస్‌బీ కంట్రోలర్ పేరు. మౌస్ ముట్టుకోకుండా చూడండి, అంకె దాదాపు నిలకడగా ఉంటుంది. కదపండి, పరుగెత్తుతుంది. వెబ్‌క్యామ్, బ్లూటూత్ లాంటివి అదే కంట్రోలర్ మీద నడుస్తుంటే వాటి ఇంటరప్ట్‌లు కూడా కలుస్తాయి.

గుండ్రటి పిన్నుతో వచ్చే పాత పీఎస్/2 మౌస్ కథ వేరు. దాన్ని ఎవరూ అడగరు, అదే పంపుతుంది. దానికి మెట్టు 4 చివర చోటిచ్చాను.

మెట్టు 3: పచ్చి బైట్లు చదవండి

ఈ మెట్టును తొందరపడకుండా చేయండి, అసలు మజా ఇక్కడే ఉంది. కమాండ్ ఇది: సుడో ఓడీ, మైనస్ వీ, మైనస్ పెద్ద ఏ చిన్న ఎన్, మైనస్ టీ యూ1, మైనస్ డబ్ల్యూ4, చివర స్లాష్ డెవ్ స్లాష్ హిడ్‌రా0. ఆ సున్నా స్థానంలో మీరు రాసిపెట్టుకున్న అంకె వేయండి. ఓడీ అనేది ఫైల్‌లోని బైట్లను అంకెలుగా చూపించే పాత ప్రోగ్రాం. మైనస్ వీ పెట్టకపోతే ఒకే వరుస మళ్ళీ వచ్చినప్పుడు నక్షత్రం గుర్తు వేసి దాటేస్తుంది, మనకు రిపోర్ట్‌లు మిస్సవుతాయి.

ఇప్పుడు మౌస్‌ను కుడి వైపుకు, కొంచెం పైకి మెల్లగా తోయండి. చవక మౌస్‌లలో తరచు ఇలాంటి వరుసలు వస్తాయి:

0 5 254 0

మొదటి బైట్ బటన్లది. ఏదీ నొక్కలేదు కాబట్టి సున్నా. రెండోది అడ్డం కదలిక, 5 కౌంట్లు కుడికి. మూడోది నిలువు కదలిక, 254. మెల్లగా తోస్తే 254 ఎలా వచ్చింది? ఇది ప్లస్, మైనస్ గుర్తు ఉన్న బైట్. 127 దాకా ధన సంఖ్యలు, 128 నుంచి పైవన్నీ రుణ సంఖ్యలు. 254 లోంచి 256 తీసేయండి, మైనస్ 2. హిడ్ లెక్కలో నిలువు ధనం అంటే మన వైపుకు, అంటే స్క్రీన్‌లో కిందికి. కాబట్టి మైనస్ 2 అంటే రెండు కౌంట్లు పైకి. నాలుగోది వీల్. అనుమానం ఉంటే కమాండ్‌లో యూ1 తీసి డీ1 పెట్టండి, ఓడీయే రుణ సంఖ్యలు చూపిస్తుంది.

ఎడమ బటన్ నొక్కి పట్టుకొని చూడండి, మొదటి బైట్ 1. కుడి బటన్ 2. వీల్‌ను నొక్కితే 4. ఎడమ, కుడి కలిపి నొక్కితే 3. ఒక్కో బటన్‌కు ఒక్కో బిట్.

మీ మౌస్‌లో వరుసలు నాలుగేసి బైట్లకు కుదరక పక్కకు జారిపోతుంటే, దాని రిపోర్ట్ పొడవు వేరన్నమాట. డబ్ల్యూ తర్వాతి అంకెను 5, 6, 7, 8 అని మార్చి, నిలువు వరుసలు నిలకడగా నిలిచేదాకా చూడండి. కొన్నిటిలో ముందు ఒక రిపోర్ట్ నంబర్ బైట్ కూడా ఉంటుంది. కదలికకు రెండేసి బైట్లు వాడే మౌస్‌లూ చాలానే ఉన్నాయి. ఎందుకో లెక్క వేసుకోండి. ఒక్క బైట్‌లో ఒక రిపోర్ట్‌కు గరిష్ఠం 127 కౌంట్లు. సెకనుకు 125 రిపోర్ట్‌లు, అంటే 15,875 కౌంట్లు. 1000 డీపీఐ మౌస్‌కు అది సెకనుకు 16 అంగుళాల లోపు వేగం. గేమ్ ఆడేవాడు చెయ్యి విసిరితే అంతకన్నా వేగంగా పోతుంది. డీపీఐ పెరిగే కొద్దీ ఒక్క బైట్ అస్సలు చాలదు.

మెట్టు 4: అదే కదలికను కెర్నల్ ఇంకో వేషంలో చూపించడం చూడండి

ఆ టెర్మినల్ అలాగే ఉంచి, పక్కన ఇంకోటి తెరవండి. ఓడీ కమాండే, కాకపోతే డబ్ల్యూ3 పెట్టి, ఫైల్‌గా స్లాష్ డెవ్ స్లాష్ ఇన్‌పుట్ స్లాష్ మైస్ ఇవ్వండి. మైస్ అంటే మౌస్ బహువచనం, ఎం, ఐ, సీ, ఈ. సిస్టమ్‌లోని మౌస్‌లన్నీ, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో సహా, ఈ ఒక్క ఫైల్‌లోకి వచ్చి చేరతాయి. ఇందాకటి కదలికే ఇక్కడ ఇలా కనబడుతుంది:

8 5 2

మౌస్ యూఎస్‌బీదే అయినా కెర్నల్ దాన్ని ఇక్కడ పాత పీఎస్/2 మౌస్ భాషలోకి మార్చి ఇస్తోంది. పాత ప్రోగ్రాంలు ఆగిపోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. పీఎస్/2లో పైకి పోతే ధనం, కిందికి వస్తే రుణం. అందుకే అక్కడ మైనస్ 2గా ఉన్నది ఇక్కడ 2 అయింది. ఎడమ వైపుకు 3, కిందికి 2 జరిపితే 56 253 254 వస్తుంది. 56ను విడదీస్తే 8, 16, 32. ఈ 16 అడ్డం కదలిక రుణమని, 32 నిలువు కదలిక రుణమని చెప్పే బిట్లు.

మరి ఏ బటన్ నొక్కకపోయినా ఎప్పుడూ ఉండే ఆ 8 ఏమిటి? పీఎస్/2 వైరు మీద ప్యాకెట్‌కు మొదలు, చివర అని గుర్తులేమీ ఉండవు. మూడు బైట్ల తర్వాత మూడు బైట్లు అలా వస్తూనే ఉంటాయి. మధ్యలో ఒక్క బైట్ తప్పిపోయిందంటే, డ్రైవర్ అడ్డం కదలికను బటన్ అనుకుంటుంది, నిలువును అడ్డం అనుకుంటుంది. బాణం గుర్తు స్క్రీన్ మూలకు ఎగిరిపడి, నొక్కని మెనూలు వాటంతటవే తెరుచుకుంటాయి. పాత డెస్క్‌టాప్‌లు వాడినవాళ్ళు ఈ పిచ్చి గంతులు చూసే ఉంటారు. దాన్ని పసిగట్టడానికే మొదటి బైట్‌లో 8 విలువ గల బిట్‌ను ఎప్పుడూ 1గా ఉంచారు. అది లేని బైట్ మొదటి స్థానంలో వస్తే డ్రైవర్‌కు వరుస తప్పిందని తెలుస్తుంది. లినక్స్‌లో పీఎస్‌మౌస్ డ్రైవర్ అప్పుడు సింక్రనైజేషన్ పోయింది, ఇన్ని బైట్లు పారేస్తున్నాను అని డీమెసేజ్‌లో రాస్తుంది. ఆకుపచ్చ గుండ్రటి పిన్ను మౌస్ ఇంకా వాడుతున్న చోట ఆ వరుస పదే పదే కనబడితే, పిన్ను వదులైందేమో చూడండి. పీఎస్/2 మౌస్‌ను మాత్రం కంప్యూటర్ ఆన్‌లో ఉండగా తీసి పెట్టకండి. కరెంటు ఉండగా మార్చడానికి తయారుచేసిన పోర్టు కాదది.

మెట్టు 5: ఈవెంట్లుగా చదవండి

ఇవాళ డెస్క్‌టాప్‌లు నిజంగా చదివేది ఈ రూపాన్నే. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఈవీటెస్ట్ అని ఆ టూల్ తెచ్చుకోండి. ఆప్ట్ స్పెల్లింగు ఏ, పీ, టీ. సుడో ఈవీటెస్ట్ అని నడిపితే పరికరాల పట్టిక ఇస్తుంది. మీ మౌస్ పేరు పక్కనున్న అంకె కొట్టండి. మౌస్ కదిపితే ప్రతి కదలికకు ఇలాంటి వరుసలు వస్తాయి: టైప్ 2, కోడ్ 0, విలువ 5. టైప్ 2, కోడ్ 1, విలువ మైనస్ 2. ఆ తర్వాత సిన్ రిపోర్ట్ అని ఒక గీత.

టైప్ 2 అంటే సాపేక్ష కదలిక. కోడ్ 0 అడ్డం, కోడ్ 1 నిలువు, కోడ్ 8 వీల్. బటన్‌లైతే టైప్ 1, ఎడమ బటన్ కోడ్ 272, కుడిది 273, మధ్యది 274, నొక్కితే విలువ 1, వదిలితే 0. సిన్ రిపోర్ట్ అంటే ఒక రిపోర్ట్ అయిపోయింది, ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే క్షణంలో జరిగినట్టు లెక్క అని అర్థం. సొంతంగా ప్రోగ్రాం రాసేవాళ్ళు దీన్ని పట్టించుకోకుండా ఒక్కో వరుసకు గీత గీస్తే, ఏటవాలు గీత మెట్లు మెట్లుగా వస్తుంది. సిన్ వచ్చేదాకా కూడబెట్టి, అప్పుడు కదపాలి. ఇంకోటి, కేవలం అడ్డంగా జరిగితే నిలువుకు సున్నా అని వరుస రాదు. మారనిదాన్ని కెర్నల్ చెప్పదు.

పైథాన్ వచ్చినవాళ్ళు ఈవీటెస్ట్ లేకుండానే చదవొచ్చు. డెవ్ ఇన్‌పుట్ ఫోల్డర్‌లో బై-ఐడీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఈవెంట్-మౌస్ అని ముగిసే ఫైల్‌ను ఆర్‌బీ మోడ్‌లో, బఫరింగ్ సున్నాతో తెరవండి. లూప్‌లో 24 బైట్ల చొప్పున చదివి, స్ట్రక్ట్ మాడ్యూల్‌లోని అన్‌ప్యాక్‌కు ఇవ్వండి. ఫార్మాట్ స్ట్రింగ్‌లో చిన్న ఎల్‌లు రెండు, పెద్ద హెచ్‌లు రెండు, చిన్న ఐ ఒకటి. 64 బిట్ మెషీన్‌లో అవి వరుసగా సెకన్లు 8 బైట్లు, మైక్రోసెకన్లు 8, టైప్ 2, కోడ్ 2, విలువ 4. కలిపితే 24. పది వరుసల కోడ్ కూడా కాదు.

ఆ ప్రోగ్రాంలో టైప్ 2, కోడ్ 0 వచ్చిన విలువలన్నీ కూడుతూ పోండి. బల్ల మీద స్కేలు పెట్టి, మౌస్‌ను దాని అంచు వెంబడి సరిగ్గా 10 సెంటీమీటర్లు కుడికి జరపండి. మొత్తం 3,900 దగ్గర వస్తే మీది 1000 డీపీఐ మౌస్. మొత్తాన్ని 3.94తో భాగిస్తే ఏ మౌస్ డీపీఐ అయినా తెలుస్తుంది. డబ్బా మీద రాసిన అంకెతో పోల్చి చూసుకోండి. విద్యార్థులకు ఇంతకన్నా మంచి ల్యాబ్ ప్రయోగం నాకు కనబడలేదు.

ఈవీటెస్ట్‌కు గ్రాబ్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే ఈవెంట్లన్నీ మీ టెర్మినల్‌కే వస్తాయి, డెస్క్‌టాప్‌కు ఏమీ అందదు, బాణం గుర్తు బిగుసుకుపోతుంది. టెన్షన్ పడకండి, కీబోర్డ్‌లో కంట్రోల్ సీ నొక్కితే వదిలేస్తుంది.

మెట్టు 6: కౌంట్లు పిక్సెళ్ళు అయ్యే చోటు

కెర్నల్ ఇచ్చిన 5, మైనస్ 2 లను తీసుకొని బాణం గుర్తును ఎంత జరపాలో తేల్చేది లిబ్‌ఇన్‌పుట్ అనే లైబ్రరీ. లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ఇన్‌స్టాల్ చేసి, సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ నడపండి. ప్రతి కదలికకు రెండు జతల అంకెలు వస్తాయి. బ్రాకెట్ బయటివి వేగం కలిపాక వచ్చినవి, లోపలివి కలపక ముందువి. మెల్లగా కదిపితే తక్కువ, విసిరితే ఎక్కువ దూరం పోయేలా ఇక్కడే మారుస్తారు. గీతలు గీసే పని, గేమ్స్ ఉన్నవాళ్ళకు ఇది ఇబ్బంది. సెట్టింగ్స్‌లో మౌస్ యాక్సిలరేషన్ ఆపేసుకోవచ్చు.

విండోస్‌లోనూ వరుస ఇలాంటిదే. యూఎస్‌బీ మౌస్‌ను మౌహిడ్ అనే డ్రైవర్, పీఎస్/2ను ఐ8042పీఆర్‌టీ అనే డ్రైవర్ చదువుతాయి. రెండూ మౌక్లాస్ అనే పై డ్రైవర్‌కు అందిస్తాయి. ఇంత సులువుగా తొంగిచూసే కిటికీలు మాత్రం అక్కడ లేవు. అందుకే విండోస్ మెషీన్ రిపేరుకు వచ్చినా, ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడమంటాను.

మెట్టు 7: తప్పు ఎక్కడుందో తేల్చండి

ఇప్పుడు అసలు పనికొచ్చే భాగం. ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఇది: "అన్నా, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడ్తంది." ఈవీటెస్ట్ పెట్టి, ఎడమ బటన్‌ను నిదానంగా ఒక్కసారే నొక్కి వదలండి. మంచి మౌస్‌లో 272కు ఒక 1, ఒక 0 వస్తాయి. పాడైనదానిలో 1, 0, 1, 0 వస్తాయి. వరుస మొదట్లో టైము ఉంటుంది, మధ్యలో వచ్చిన 0కూ దాని తర్వాతి 1కీ తేడా చూడండి. 8, 16 మిల్లీసెకన్లు అలా ఉంటే అది వేలు చేసిన పని కాదు. మనిషి ఎంత చురుగ్గా రెండుసార్లు కొట్టినా మధ్యలో కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. బటన్ కిందున్న చిన్న స్విచ్‌లో రేకు అరిగి, ఒక్క నొక్కుకే రెండుసార్లు తగులుతోంది. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. టంకం పట్టడం వస్తే స్విచ్ మార్చండి, లేదా మౌస్ మార్చండి. ఇలాంటి అదురును లిబ్‌ఇన్‌పుట్ కొంతవరకు వడగడుతుంది. అందుకే అదే మౌస్ విండోస్‌లో గోల చేసి, ఉబుంటు డెస్క్‌టాప్‌లో బాగున్నట్టు కనబడొచ్చు. కెర్నల్ స్థాయిలో చూడటం ఇందుకే ముఖ్యం.

రెండోది, మౌస్ ముట్టుకోకపోయినా బాణం గుర్తు వణకడం. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల్లో ఇది మామూలే. చెయ్యి తీసేసి ఈవీటెస్ట్ చూడండి. విలువ 1, మైనస్ 1, మళ్ళీ 1 అంటూ వరుసలు వస్తూనే ఉంటే సెన్సర్ ఏదో చూస్తోందన్నమాట. తిరగేసి చూస్తే సెన్సర్ గుంటలో దూది పోగు ఊగుతూ ఉంటుంది. పొడి బ్రష్‌తో తీయండి. నోటితో ఊదితే తడి తగిలి లెన్స్ మీద మచ్చ పడుతుంది. శుభ్రం చేశాక తెల్ల కాగితం మీద పెట్టి మళ్ళీ చూడండి. ఈవీటెస్ట్ నిశ్శబ్దంగా ఉండి బాణం గుర్తు మాత్రం ఇంకా జరుగుతుంటే, అది ఈ మౌస్ పని కాదు. టచ్‌ప్యాడో, ఎక్కడో గుచ్చి మరిచిపోయిన వైర్‌లెస్ రిసీవరో కదుపుతోంది. ఈవీటెస్ట్ పట్టికలోని మిగతా పరికరాలను ఒక్కొక్కటే తెరిచి చూడండి.

మూడోది, మధ్యమధ్యలో ఆగి మళ్ళీ రావడం. డీమెసేజ్ నడుస్తుండగా మౌస్ వైరును, తల దగ్గర ఒకసారి, పిన్ను దగ్గర ఒకసారి, మెల్లగా వంచండి. వంచినప్పుడల్లా డిస్‌కనెక్ట్ అనో, ఎర్రర్ మైనస్ 71 అనో వస్తే లోపలి తీగ తెగుతోంది. ఈ ఎర్రర్లు ముందు వైపు పోర్టులో వచ్చి వెనక పోర్టులో రాకపోతే మౌస్ మంచిదే, క్యాబినెట్ ముందరి పోర్టు వైరింగ్ చూడాలి. డెస్క్‌టాప్ లేకుండా నల్ల స్క్రీన్ మీద మాత్రమే నడుస్తున్న సర్వర్‌లో సుమారు నిమిషానికోసారి మౌస్ పోయి వస్తున్నట్టు కనబడితే మాత్రం వైరును అనుమానించకండి. ఎవరూ చదవకపోతే కెర్నల్ మౌస్‌ను అడగడం ఆపేస్తుంది. తనను అడగడం లేదని గమనించి కొన్ని మౌస్‌లు వాటంతటవే రీసెట్ అవుతాయి. ఈవీటెస్ట్ తెరిచి ఉంచి చూడండి, ఆగిపోతుంది.

హిడ్‌రాలో అంకెలు శుభ్రంగా ఉండి, ఈవీటెస్ట్‌లో తేడాగా ఉంటేనే డ్రైవర్ తప్పు అనండి. వీల్ ఒక్కసారి తిప్పితే రిపోర్ట్‌లో 1 వచ్చి, ఈవెంట్ మాత్రం రాకపోవడం లాంటిది. ఇది అరుదు. అలాంటప్పుడు కెర్నల్ అప్‌డేట్ చేసి మళ్ళీ ఇవే రెండు చోట్ల చదవండి. రెండు చోట్లా సరిగ్గా ఉండి బాణం గుర్తు ఒక్కటే తిక్కగా పోతుంటే, మెట్టు 6కు వెళ్ళి యాక్సిలరేషన్, స్పీడ్ సెట్టింగులు చూడండి. డ్రైవర్ జోలికి పోనవసరం లేదు.